అమ్మ పేరున నల్లరాయి: చీమకుర్తి, ఒంగోలు చెక్కుడు పని ఎలా ఉంది?

ఇంటి పెద్దావిడ పోయి, కర్మ ముగిసి, సంవత్సరీకం దగ్గర పడుతుంటే ఒంగోలు చుట్టుపక్కల ఇళ్లలో తరచుగా వినపడే మాట ఇది: “సమాధికి రాయి ఎక్కడినుంచో ఎందుకు, మన చీమకుర్తి గెలాక్సీ వేయిద్దాం. దానిమీద అమ్మ ఫోటో లేజర్ కొట్టిద్దాం.” ఇందులో సగం మాటే సరైంది. గెలాక్సీ, అంటే బంగారు చుక్కల నల్లరాయి, పీఠానికీ, అంచు పట్టీలకీ, పెద్ద అక్షరాలకీ బ్రహ్మాండంగా ఉంటుంది. ముఖం చెక్కించడానికి మాత్రం వద్దు.

ఈ సమీక్ష ఏ ఒక్క షాపు గురించీ కాదు. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి వెళ్లే దారిలోనూ, ఒంగోలు, నెల్లూరు ఊళ్లలోనూ చెక్కుడు పని చేసే చిన్న షెడ్ల పని తీరు దాదాపు ఒకటే. అదే రాయి, అదే రకం మిషన్లు, అవే పొరపాట్లు. అందుకని షాపును కాకుండా పనిని చూసి మార్కులు వేస్తున్నాం.

ముందు రాయి సంగతి. గ్రానైటు అని పిలుస్తాం గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో గెలాక్సీ గాబ్రో జాతి రాయి. నలుపులో మెరిసే ఆ బంగారు రంగు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ప్రపంచంలో ఎక్కడ గెలాక్సీ రాయి కనిపించినా అది చీమకుర్తి చుట్టుపక్కల క్వారీల నుంచి వెళ్లిందే. చుక్క పెద్దగా ఉన్నది ఒక రకం, సన్నగా ఉన్నది ఒక రకం కింద అమ్ముతారు. రాయిగా దీనికి వంక పెట్టడానికి లేదు. గట్టిది, నీళ్లు పెద్దగా పీల్చదు, పాలిష్ నిలుస్తుంది. మార్కులు నిండుగా వేయొచ్చు.

చిక్కంతా ఆ చుక్కలతోనే. లేజర్ బొమ్మ అంటే నలుపు మీద తెల్లటి సన్న చుక్కల కూర్పు. రాతిలో ముందే ఉన్న చుక్కలు వాటిలో కలిసిపోతాయి. కంటిపాప పక్కన ఒకటి, ముక్కు మీద రెండు, చెంపల మీద అయిదారు పడితే అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా కనిపిస్తుంది. పైగా అవి ఎండలో ఒక కోణం నుంచి మెరుస్తాయి, ఇంకో కోణం నుంచి మెరవవు. షెడ్డులో ట్యూబులైటు కింద బాగున్న బొమ్మ బయట పెట్టాక మారిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ముఖానికి చుక్కలేని నల్లరాయి అడగండి. జెట్ బ్లాక్ అనో, ఆబ్సల్యూట్ బ్లాక్ అనో అంటారు. ఖమ్మం, వరంగల్ వైపు నుంచీ, కర్ణాటక, తమిళనాడు నుంచీ వస్తుంది. ముఖం వచ్చే పలక 18 × 24 అంగుళాల జెట్ బ్లాక్ తీసుకుని, చుట్టూ 4 అంగుళాల గెలాక్సీ పట్టీ వేయిస్తే మన జిల్లా రాయి వేశామన్న తృప్తీ ఉంటుంది, అమ్మ ముఖమూ శుభ్రంగా ఉంటుంది. లేదు, మొత్తం గెలాక్సీయే కావాలంటే ముఖాన్ని చెక్కించకుండా, బట్టీలో కాల్చిన సిరామిక్ ఫోటో బిళ్ల అతికించుకోండి. రంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. యూవీ ప్రింటు వేసి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇంటి లోపలికైతే సరే గానీ మన ఎండలకి ఆ రంగు వెలుస్తుంది, పొర లేస్తుంది.

లేజర్ ఏం చేస్తుందో తెలిస్తే బేరం ఆడటం తేలిక. అది రాతిలోకి లోతుగా దిగదు. అద్దంలా ఉన్న పాలిష్ పొరను వేడితో చిట్లగొడుతుంది. చిట్లినచోట నలుపు పోయి బూడిద కలిసిన తెలుపు వస్తుంది. అంటే వెలుగు పడిన భాగాన్ని మాత్రమే మిషన్ కొడుతుంది, నీడంతా రాయి సొంత నలుపే. అందుకే పాలిష్ సరిగా లేని రాయి మీద బొమ్మ మసక, బూడిదరంగు రాయి మీద అసలు కనపడదు. పవర్ ఎక్కువ పెడితే అంచులు రేగి ముఖం గరుకవుతుంది. తక్కువ పెడితే ఎండలో తేలిపోతుంది. ఏ పవర్ సరిపోతుందనేది పలకను బట్టి మారుతుంది కాబట్టి, మీ పలకలోంచే కోసిన చెత్త ముక్క మీద ఒక కన్నూ ముక్కూ వచ్చేంత మేర, ఓ 3 అంగుళాలు, ట్రయల్ కొట్టి చూపించమనండి. పని తెలిసినవాడు కాదనడు. కాదన్నాడంటే వేరే షెడ్డు చూసుకోవచ్చు. గడ్డం నుంచి నుదురు దాకా కనీసం 5 అంగుళాలు ఉండాలి. 3 అంగుళాలకి దిగితే కళ్ల కింద ముడతలూ కళ్లూ కలిసిపోతాయి.

ఇక ఫోటో. డబ్బు కాదు గానీ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. పొద్దున లేచి పేడకళ్లు ఎత్తడం మొదలుపెడితే రాత్రి అంట్లు తోమేదాకా కూర్చోని మనిషికి ఫోటో దిగే తీరిక ఎక్కడిది? చాలా ఇళ్లలో అవ్వకి మిగిలేవి ఆధార్ కార్డు ఫోటో, పింఛను పుస్తకంలో ఫోటో, మనవరాలి పెళ్లి ఆల్బంలో ఓ మూల నిలబడింది. ఆధార్ ఫోటో పెద్దది చేస్తే ఏమీ మిగలదు, దాన్ని పక్కన పెట్టేయండి. ఆల్బం ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫ్రేములో ఉన్నదాన్ని అద్దంతో సహా ఫోన్‌తో తీస్తే కిటికీ వెలుతురు నుదుటి మీదికి వచ్చి కూర్చుంటుంది. అన్నిటికన్నా మంచిది మనవళ్ల ఫోన్లలో ఎక్కడో ఉంటుంది. అరుగు మీద చేట పట్టుకుని కూర్చున్నప్పుడో, పందిరి నీడలో ఆకు వేసుకుంటున్నప్పుడో తీసింది. నీడలో తీసిన ఫోటోలో ముఖం మీద గట్టి నల్ల మచ్చలు ఉండవు. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

డిజైన్ చేసే అబ్బాయికి వదిలేస్తే మొదట చేసే పని ముఖం నునుపు చేయడం. తర్వాత మెడ కింద నుంచి తీసేసి పట్టుచీర, కాసులపేరు ఉన్న రెడీమేడ్ ఒళ్లు అతికించడం. రెండూ వద్దని ముందే చెప్పండి. సెంటిమెంటు కోసం చెప్పడం లేదు, పనిపరంగానే నష్టం. నున్నటి చర్మం లేజర్‌కి కష్టం. ఒకే రకం తెలుపు పరుచుకుని ముఖం బల్లపరుపుగా వస్తుంది. ముడతలు, నుదుటి గీతలు, ఎండకి కమిలిన చెంప ఎముక లాంటి గీతలూ నీడలే రాతి మీద బాగా పలుకుతాయి. 80 ఏళ్ల ముఖం 30 ఏళ్ల ముఖం కన్నా నల్లరాతి మీద ఎప్పుడూ బాగా వస్తుంది. నెరిసిన జుట్టు విషయంలో జాగ్రత్త. మొత్తం తెల్లగా కొట్టేస్తే తలమీద దూది పెట్టినట్టుంటుంది. వెంట్రుకల మధ్య నలుపు వదలాలి. లేజర్ అయ్యాక కార్బైడ్ పిన్నుతో చేత్తో పాయలు తీర్చే పనివాళ్లు కొన్ని షెడ్లలో ఉన్నారు. దానికి విడిగా అడిగినా ఇవ్వండి. బొమ్మ వెనక గోడ, కర్టెన్ పూర్తిగా తీసేయించాలి. లేకపోతే అదంతా తెల్లగా పడి ముఖం అందులో మునిగిపోతుంది.

బొట్టు, ముక్కుపుడక, పైట. ఈ మూడూ వేలు పెట్టి చూసుకోండి. ఎర్ర కుంకుమ నలుపు-తెలుపులోకి మార్చిన పద్ధతిని బట్టి ముదురుగా నిలబడనైనా నిలబడుతుంది, చర్మంలో కలిసి మాయమవనైనా మాయమవుతుంది. అమ్మ చివరి ఏళ్లలో బొట్టు పెట్టుకుందా లేదా, ఏ వయసు ఫోటో పెట్టాలి అన్నది ఇంట్లో ముందే తేల్చుకుని వెళ్లండి. షెడ్డులో నిలబడి తేల్చుకునే విషయం కాదది. ముక్కుపుడక లేజర్‌లో తరచుగా పోతుంది, పిన్నుతో ఒక్క చుక్క పెట్టించాలి, అదీ సరైన వైపున. సెల్ఫీగా తీసిన ఫోటో కొన్ని ఫోన్లలో ఎడమ కుడి తిరగబడి సేవ్ అవుతుంది. తెలుసుకోవడం ఎలాగంటే పైట చూడండి. పైట ఆవిడ ఎడమ భుజం మీద, అంటే చూసేవాళ్లకి కుడివైపున ఉండాలి. అటు కాకుండా ఇటు ఉందంటే ఫోటో తిరగబడినట్టే.

షెడ్లలో ఉండే డిజైన్ల పుస్తకంలో దీపం, తామరపువ్వు, రెండు హంసలు, ఎగిరే పావురాలు, ఉదయిస్తున్న సూర్యుడు తప్ప ఏమీ ఉండవు. రెక్కల కష్టం మీద సంసారం నడిపిన మనిషి పక్కన హంసలేమిటో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆవిడ పని తాలూకు బొమ్మ పెట్టించుకోవచ్చు, మిషన్‌కి ఏదైనా ఒకటే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌లో బతుకు గడిపిన మనిషికి తోరణం కట్టిన ఆకు. వెంకటగిరి నేతింటి మనిషికి మగ్గం, నాడె. ఉదయగిరి చెక్క గరిటెలు చేసిన చేతికి ఆ గరిటే. నాట్లకీ కోతలకీ వెళ్లిన మనిషికి కొడవలి. ఇంట్లో ఆవిడ వాడిన కుట్టుమిషన్నో, తిరగలినో పక్కనుంచి ఫోటో తీసి ఇస్తే గీతల బొమ్మగా మార్చి ఇస్తారు. 4 అంగుళాల బొమ్మ చాలు, గీత మందం ఒక మిల్లీమీటరుకి తగ్గకూడదు. ఇది చేయించేవాళ్లు చాలా తక్కువ. చేయించిన రాళ్లు మాత్రం శ్మశానంలో అన్ని రాళ్ల మధ్యా దూరం నుంచే గుర్తుపట్టేలా ఉంటాయి.

తెలుగు అక్షరాలకి అయిదుకి రెండు మార్కులకి మించి ఇవ్వలేం. తప్పు చెక్కేవాళ్లది మాత్రమే కాదు. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగు. షెడ్డులో వాడేది చాలాచోట్ల ఇప్పటికీ ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లు. ఒకటి ఇంకోదానిలోకి నేరుగా దిగదు. ఒత్తులు పక్కకి జరుగుతాయి, కొన్ని ఎగిరిపోతాయి. అందుకని వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, అక్కడ తప్పులు దొర్లుతాయి. ఎక్కువగా దొర్లేవి నాలుగు: ‘జ్ఞాపకార్థం’లో థ ఒత్తు ఉండాలి, ధ ఒత్తు కాదు. ‘వర్ధంతి’లో ధ ఒత్తు. ‘శ్రద్ధాంజలి’లో ద కింద ధ. ‘స్మృతి’లో మ కింద ఋ గుర్తు, రు కాదు. ఇంటిపేరులో ఒత్తులుంటే కాగితం మీద పెద్దక్షరాలతో చేత్తో రాసి ఇవ్వండి.

ప్రూఫు ఫోన్ తెర మీద చూసి ఓకే చెప్పకండి. రాతి సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, చెల్లెళ్ల చేతా తమ్ముళ్ల చేతా ఒకసారి గట్టిగా చదివించండి. ఇది అయ్యాక కూడా ఇంకో గండం ఉంది. అక్షరాలు లేజర్‌తో కాకుండా శాండ్ బ్లాస్టింగ్‌తో లోతుగా చెక్కుతారు. రబ్బరు షీటు మీద అక్షరాలు కట్ చేసి, రాతికి అతికించి, అక్షరం ఉన్నంత మేర రబ్బరు తీసేస్తారు. ఆ తెరిచిన చోట గరుకు పొడిని గాలి ఒత్తిడితో కొడితే రాయి 2, 3 మిల్లీమీటర్లు దిగుతుంది. థ లోపలి చుక్కను పిన్నుతో తీయడం మరిచిపోతే థ కాస్తా ధ అయి కూర్చుంటుంది. ఫైల్లో సరిగానే ఉన్న ‘జ్ఞాపకార్థం’ రాతి మీద తప్పుగా రావడానికి సగం కారణం ఇదే. సున్న లోపలి గుండ్రటి ముక్క గాలికి ఊడిపోతే సున్నకి బదులు గుంట మిగులుతుంది. కాబట్టి షీటు అతికించాక, పొడి కొట్టకముందు వెళ్లి చూడాలి. కుదరకపోతే ఆ దశలో ఫోటో తీసి పంపమనండి. రాతి మీద తప్పు పడ్డాక దిద్దడం అంటే ఆ పలక పక్కన పడేసి ఇంకో పలక చెక్కడమే. మైనం, ఎపాక్సీ జిగురు పూసి మళ్లీ చెక్కుతామనేది మాట వరసకే, ఎండకి ఆ మచ్చ తేలుతుంది.

పేరు 2 అంగుళాల ఎత్తు, మిగతా వరుసలు ఒక అంగుళం. అంతకన్నా చిన్నవైతే ఒత్తుల సన్నగీతల దగ్గర రబ్బరు చిరుగుతుంది. తెలుగులో కిందికి ఒత్తులు వేలాడతాయి, పైకి గుడులు లేస్తాయి. కాబట్టి వరుసల మధ్య కనీసం ఒక అక్షరం ఎత్తు ఖాళీ వదలాలి. ఇంగ్లిషు బోర్డులు చేసి అలవాటైన చేయి ఈ ఖాళీ వదలదు.

ఏం రాయించాలి అన్నది ఇంటి ఇష్టం. కొన్ని మాత్రం చెప్పాలి. పుట్టిన తేదీ ఆధార్‌లో చూసి రాయించకండి. వయసు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడుతుంది. అది రాతి మీద పడితే అబద్ధం శాశ్వతమవుతుంది. ఏడాది ఒక్కటే రాయించండి, లేదా పోయిన తేదీ మాత్రమే. తద్దినం తిథి ప్రకారం పెట్టే ఇళ్లలో తిథి కూడా చెక్కిస్తే మనవళ్లకి పనికొస్తుంది. విశ్వావసు, మాఘ బహుళ చవితి అన్నట్టుగా సంవత్సరం, మాసం, పక్షం, తిథి నాలుగూ ఉండాలి. ఆ తిథి పురోహితుడిని అడిగి రాయించుకోండి, క్యాలెండరు చూసి కాదు. పోయిన వేళకి ఏ తిథి నడుస్తుందో లెక్క తేడా వస్తుంది. క్రైస్తవుల ఇళ్లలో ‘ప్రభువునందు నిద్రించిన’ అన్న తర్వాత వాక్యం పెడితే అధ్యాయం, వచనం అంకెలు బైబిల్ తెరిచి సరిచూసుకోండి. అంకె తప్పు పడ్డ రాళ్లు తక్కువేం కాదు.

జిల్లా పేరు వద్దు. 1940ల్లో కందుకూరులో పుట్టిన మనిషిది పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. మనిషి కదల్లేదు, జిల్లానే అటూ ఇటూ తిరిగింది. ఊరి పేరు చాలు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవళ్లు అందరి పేర్లూ వేయాలని కూర్చుంటే రాయి చాలదు, ఎవరి పేరు ముందన్న దగ్గర మాటలు ఆగిపోయిన ఇళ్లు కూడా ఉన్నాయి. ‘పిల్లలు, మనవళ్లు, మనవరాళ్లు’ అంటే అందరూ వస్తారు. ఇంట్లో అందరూ ‘జేజి’ అనో ‘అవ్వ’ అనో పిలిచేవాళ్లయితే పేరు కింద అది కూడా పెట్టించండి.

అక్షరాల్లో నింపే గోల్డ్ పెయింటు మొదటి ఏడాది కళ్లు చెదిరేలా ఉంటుంది. అందులో ఉండేది ఎక్కువగా ఇత్తడి పొడి. వానకీ ఎండకీ, నెల్లూరు తీరం వైపు ఉప్పుగాలికీ నల్లబడుతుంది. తెలుపు లేదా మీగడ రంగు ఎనామిల్ ఎక్కువ కాలం ఉంటుంది. అసలు రంగు వేయకపోయినా నల్లరాతిలో చెక్కిన భాగం తెల్లగానే కనిపిస్తుంది, రాలిపోయేదేమీ లేదు. మా ఓటు దానికే. గెలాక్సీ మీద చిన్న అక్షరాలైతే చుక్కల్లో కలిసిపోతాయి కాబట్టి అక్కడ మాత్రం తెలుపు తప్పదు.

రాయి కొనేటప్పుడు చూసుకోవాల్సినవి త్వరగా చెప్పేస్తాం. జెట్ బ్లాక్ పేరుతో బూడిదరాయికి రంగు పట్టించి అమ్మడం ఉంది. తెల్లగుడ్డని థిన్నర్‌లోనో, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలోనో ముంచి గట్టిగా రుద్దితే గుడ్డ నల్లబడుతుంది. పలక వెనక వైపూ, కోసిన అంచూ చూసినా తెలుస్తుంది. పలక మీద ట్యూబులైటు నీడ పడేలా వంగి చూడండి. వెలుగు గీత వంకరలు లేకుండా తిన్నగా ఉంటే పాలిష్ మంచిది. 20 మిల్లీమీటర్లు అని చెప్పి 16 ఇవ్వడం మామూలే, టేపు పెట్టి కొలవండి. బరువు లెక్క చదరపు అడుగుకి 20 మిల్లీమీటర్ల మందంలో సుమారు 5.5 కిలోలు. 2 × 3 అడుగుల పలక 33 కిలోలు తూగుతుంది. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లొద్దు. నిలబెట్టి, కింద థర్మాకోల్ వేసి, తాడు కట్టాలి. పడుకున్న పలక గతుకుల్లో మధ్యకి విరుగుతుంది.

బిగించే పనికి కూడా రెండు మార్కులే. షెడ్డువాళ్లు రాయి ఇచ్చి చేతులు దులుపుకుంటారు, ఊళ్లో మేస్త్రీకి రాయి సంగతి తెలియదు. ఖననం చేసిన చోట గుంట మట్టి కుంగుతుంది. కనీసం ఒక వానాకాలం, మనకైతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలు, వెళ్లాకే కట్టుబడి మొదలుపెట్టండి. పునాది గుంట మీద కాకుండా దాని చుట్టూ కదలని నేలలో రావాలి. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలిచ్చి, వానాకాలం ఉబ్బుతుంది. 2, 3 అడుగులు తవ్వి ఆ మట్టి తీసేసి, గ్రావెల్, ఇసుక పోసి కొట్టి, దాని మీద 4 అంగుళాల కాంక్రీటు వేశాకే ఇటుక పని. ఇది వదిలేసిన సమాధుల మీద రాళ్లు రెండో ఏడాదికే జాయింట్ల దగ్గర విడిపోతాయి. పెన్నా ఇసుక నేలల్లో ఈ బాధ తక్కువ.

నిలబెట్టే రాయికి 20 మిల్లీమీటర్ల పలక చాలదు. రెండు పలకలు వీపుకి వీపు ఎపాక్సీతో అతికించాలి, లేదా 40 మిల్లీమీటర్ల దిమ్మ తీసుకోవాలి. అడుగు రాతిలో గాడి తీసి అందులో దింపి, స్టెయిన్‌లెస్ పిన్నులు రెండు వేయాలి. 8 మిల్లీమీటర్ల పిన్నుకి 10 మిల్లీమీటర్ల బెజ్జం. ఇనప చువ్వ ముక్కలు వాడితే తుప్పుపట్టి ఉబ్బి రాయి అంచుని లోపలినుంచి పగలగొడతాయి, ఎర్రటి చారలు కారతాయి. వెనక సిమెంటు ముద్దలు నాలుగు పెట్టి గోడకి నొక్కేయడం మేస్త్రీల అలవాటు. ముద్దల మధ్య బోలుగా ఉండి దెబ్బ తగిలితే పగులుతుంది, సిమెంటులోని ఉప్పు జాయింట్లలోంచి తెల్లగా కారుతుంది. నల్లరాతి మీద ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రాతికి వాడే అడ్హెసివ్‌ని, అంటే జిగురుని, అంచున పళ్లుండే గీతల తాపీతో మొత్తం పరిచి అతికించాలి.

దహనం చేసిన ఇళ్లలో, నెల్లూరులో బోడిగాడితోట దగ్గర కర్మలు చేసి అస్థికలు నీళ్లలో కలిపినవాళ్లకి సమాధి ఉండదు కాబట్టి, అమ్మ పేరున గుడి దగ్గరో బస్సు ఆగే చోటో బల్ల వేయించడం ఎక్కువైంది. మంచి ఆలోచనే, కానీ కూర్చునే పలక నల్లరాయి వేయించకండి. రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిది దాటితే సాయంత్రం దాకా దానిమీద ఎవరూ కూర్చోలేరు. అమ్మ పేరున వేసిన బల్ల ఖాళీగా ఉంటుంది. కూర్చునే చోట లేత బూడిదరంగు రాయి, వీపు పలకకి మాత్రం నల్లరాయి, అక్షరాలతో. 5 అడుగుల బల్లకి 20 మిల్లీమీటర్ల పలక ఒక్కటే వేస్తే మధ్యలో విరుగుతుంది. మధ్యలో మూడో కాలు పెట్టించండి, లేదా మందం రెట్టింపు చేయించండి. ఎత్తు 17, 18 అంగుళాలు. ముసలివాళ్లు లేవాలంటే అంతకి తగ్గకూడదు.

పెట్టాక చూసుకోవడం గురించి షెడ్లలో ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. లేజర్ బొమ్మకి నూనె పెద్ద శత్రువు. మెరుపు వస్తుందని కొబ్బరినూనె పూసేవాళ్లున్నారు. చిట్లిన చుక్కల్లో నూనె నిండితే తెలుపు చచ్చి, ముఖం మళ్లీ నల్లరాతిలో కలిసిపోతుంది. తడిసినప్పుడు బొమ్మ కనపడకపోతే కంగారుపడొద్దు, ఆరితే వస్తుంది. నూనె పట్టినది అలా రాదు. పాత్రలు తోమే ద్రవం, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఇంకా ఉంటే వంటసోడా ముద్ద పట్టించి రాత్రంతా ఉంచి కడగాలి, అవసరమైతే మళ్లీ మళ్లీ. పసుపు కుంకాలు బొమ్మ మీద కాకుండా అడుగు పీఠం మీద పెట్టండి. కర్పూరం రాతి మీద నేరుగా వెలిగిస్తే మసి సరే, ఒకేచోట వేడికి పాలిష్ పొర లేస్తుంది. దీపానికి ఇటుకతో చిన్న గూడు విడిగా కట్టించుకోవాలి. కొబ్బరికాయ కొట్టడానికి పక్కన మామూలు గరుకు రాయి ఒకటి పాతించండి. పాలిష్ పలక అంచున కాయ కొట్టి పెచ్చు లేపిన సమాధులు ప్రతి ఊళ్లో ఉన్నాయి. దండకి ఇనప తీగ వాడకండి, నూలు దారమే.

బోరునీళ్లతో కడిగి అలాగే ఆరబెడితే తెల్లటి పొర కడుతుంది. కనిగిరి, పామూరు వైపు నీళ్లయితే చెప్పనక్కర్లేదు. కడిగాక క్యాను నీళ్లు ఓ మగ్గు పోసి గుడ్డతో తుడిచేయాలి. ఆ పొర పోవడానికి బాత్రూం యాసిడ్ వాడితే పొరతో పాటు మెరుపూ పోతుంది. చింతపండు కూడా రాతికి వద్దు, అది ఇత్తడి కుందుల దాకే.

బిల్లు నాలుగు ముక్కలుగా అడగండి: రాయి చదరపు అడుగుల్లో, అంచు మోల్డింగ్ రన్నింగ్ అడుగుల్లో (పొడవు లెక్కన), బొమ్మ విడిగా, అక్షరాలు విడిగా. మొత్తంగా ఇంత అని చెప్పే చోట బేరమాడితే రాయి మందంలోనో అక్షరం లోతులోనో కోత పడుతుంది. పెద్దకర్మకి అందించాలని తొందరపెట్టొద్దు. పది రోజుల్లో చేసిన రాళ్లలోనే తప్పులెక్కువ. కర్మకి ఫ్రేము కట్టిన ఫోటో చాలు, రాయి సంవత్సరీకానికి పెట్టుకోండి.

నాన్న ఉండగానే పక్క సగం ఖాళీ వదిలి చెక్కించడానికి చాలా ఇళ్లలో మనసొప్పదు. అలాంటప్పుడు అదే దిమ్మలోంచి కోసిన రెండో పలక ఒకటి ఇప్పుడే కొని, ఏమీ చెక్కకుండా ఇంట్లో గోడకి ఆనించి ఉంచండి. పదేళ్ల తర్వాత అదే పేరుతో కొన్న రాయి కూడా నలుపులో తేడా వస్తుంది. డిజైను ఫైలు, వాడిన ఫాంటు పేరు, అక్షరాల కొలతలు షెడ్డువాళ్ల దగ్గర రాయించుకుని పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. వాళ్ల కంప్యూటర్లో అవి ఏడాది కూడా ఉండవు.